పిడుల్లేని వంటిల్లు

చెల్లెలికి ఖాళీ అంటే ప్రాణం. ఎవరింటికి వెళ్లినా, బల్ల మీద రెండు వస్తువులు కనిపిస్తే అందులో ఒకదాన్ని ఎక్కడ దాచెయ్యాలా అని ఆమె కళ్లు వెతుకుతాయి. వంటిళ్లు డిజైన్ చేసే కంపెనీలో ఏళ్ల తరబడి పనిచేసింది. ఖాళీ గోడ కనిపిస్తే చాలు, అక్కడో అల్మరా దిగ్గొట్టించే యజమానితో ఒకరోజు మాటా మాటా పెరిగి, "నా బతుకు నేను బతకగలను" అనేసి బయటికి వచ్చేసింది. అనడానికేం, అనేసింది. సొంతంగా బోర్డు పెట్టాక మాత్రం పని ఉందని తలుపు తట్టినవాళ్లు లేరు. అప్పుడు అక్క తన వంటిల్లు తీసి ఆమె చేతిలో పెట్టింది.

అక్క నర్సు. డ్యూటీకి వేళాపాళా ఉండదు కాబట్టి ఆ ఇంట్లో గరిటె బావ చేతిలో ఉంటుంది. పోస్టాఫీసు నుంచి రావడం, చొక్కా మార్చుకోవడం, పొయ్యి ముందు నిలబడటం. వండేటప్పుడు రుచి చూడాలి కదా. అలా చూసి చూసి బావకు బొజ్జ వచ్చింది. దాన్ని లోపలికి లాక్కుని నిలబడే అలవాటు అతనికి లేదు. ఇక పాత వంటింటి సంగతి చెప్పనక్కర్లేదు. మూతల్లేని డబ్బాలు, డబ్బాల్లేని మూతలు, చెవి విరిగిన కప్పులు, ఎప్పటికైనా పనికొస్తాయని దాచిన ఖాళీ సీసాలు.

"దీన్ని స్కాండినేవియన్ పద్ధతి అంటారు బావా," అంది చెల్లెలు, కంప్యూటర్లో బొమ్మ చూపిస్తూ. "లేత రంగు చెక్క, తెల్ల గోడలు, గదినిండా వెలుతురు. గట్టు మీద ఒక్క వస్తువు కనపడకూడదు. సొరుగులకి పిడులు కూడా ఉండవు. ఇలా వేలితో నొక్కావనుకో, అదే బయటికొస్తుంది."

"సామాను ఉండదు, పిడులు ఉండవు. మనిషికైనా చోటుందా మరదలా, నేను కూడా సొరుగులోకి పోవాలా?"

"నువ్వు పట్టే సొరుగు ఇంకా ఎవరూ చెయ్యలేదులే."

అక్క ఇద్దరినీ కసిరింది. పని మొదలైంది.

పూర్తయ్యాక గది నిజంగానే బాగుంది. ఉదయం ఎండ కిటికీలోంచి దిగి లేత చెక్క మీద పడితే, గదికి ఒళ్లు కడుక్కొచ్చినంత తేటదనం వచ్చింది. అక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. "డ్యూటీ దిగొచ్చాక ఇక్కడ ఊరికే కూర్చుంటే చాలే," అంది. చెల్లెలికి కాళ్లు నేల మీద ఆనలేదు.

ఆ వంటింటి ఫోటోలు ఎవరి ద్వారానో ఒక లాయరమ్మ కంటపడ్డాయి. ఆవిడ కొత్త ఇల్లు కడుతోంది. నచ్చితే వంటిల్లే కాదు, ఇంట్లో గదులన్నీ చెల్లెలికే అప్పగిస్తానంది. "అయితే ఫోటోల్ని నేను నమ్మనమ్మా. వాడుకలో ఉన్న వంటిల్లు కళ్లారా చూడాలి," అని ఆదివారం వస్తానంది. ఈ పని దొరికితే బోర్డు నిలుస్తుంది. దొరక్కపోతే మళ్లీ ఆ యజమాని గడప తొక్కాల్సిందే. అతను చేర్చుకుంటాడు, సందేహం లేదు. కానీ ముందు ఆఫీసంతా వినేలా నాలుగు మాటలంటాడు. అది తలుచుకుంటేనే ఆమెకు అన్నం సయించడం లేదు.

ఆదివారం చెల్లెలు కాస్త ముందే వచ్చింది. వంటిల్లు అప్పగించిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది, చిన్న గీత కూడా లేదు. మురిసిపోతూ గట్టు మీద చెయ్యేసింది. అప్పుడు ఉల్లిపాయలు వేగుతున్న వాసన వచ్చింది. తీరా చూస్తే పొయ్యి చల్లగా ఉంది.

వాసన పట్టుకుని వెనక బాల్కనీలోకి వెళ్లింది. వాషింగ్ మిషన్ పక్కన పాత పొయ్యి. మిషన్ మీద కూరగాయలు తరిగే చెక్క. గోడ పొడుగునా ఆమె పారేయమన్న డబ్బాలు, మూతలు, చెవి విరిగిన కప్పులతో సహా. మధ్యలో గరిటె పట్టుకుని బావ.

"ఏంటి బావా ఇది?"

"ఇక్కడైతే గాలి బాగా ఆడుతుందనీ..." బావ నీళ్లు నమిలాడు.

"ఎన్నాళ్లనుంచి?"

బావ, ఆమె వెనకే వచ్చి నిలబడ్డ అక్క వైపు చూశాడు. అక్క వాషింగ్ మిషన్ వైపు చూసింది. "ఇంచుమించు మొదట్నుంచీనే," అంది. "అంత అందమైన గదే. మసి చెయ్యడానికి చేతులు రాలేదు."

చెల్లెలికి ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. రెంటిలో ఏది ముందో తేలేలోపు గంట మోగింది. "రోజూ లోపలే వండుతున్నామని చెప్పండి, మీకు దణ్ణం పెడతాను," అని ఒక డబ్బా లాక్కుని వంటింట్లోకి పరిగెత్తి గట్టు మీద పెట్టింది, వాడుతున్నట్టు కనపడాలి కదా. పెట్టాక బాగాలేదనిపించి, వంకర సరిచేసి, అందంగా ఓ మూలకి జరిపింది.

లాయరమ్మ తొందరపడే మనిషి కాదు. కిటికీ చూసింది, చెక్క నిమిరింది, సొరుగు నొక్కి తెరిచి మూసింది. "బాగుంది. చాలా బాగుంది. కానీ మా ఇంట్లో వండేది నేను కాదు, మా ఆయన. ఆయన ఒక్కటే అడిగి రమ్మన్నారు. ఇందులో నిలబడి వండుతుంటే ఎలా ఉంటుందీ అని."

"బ్రహ్మాండంగా ఉంటుందండీ," అంది అక్క. "మేం రోజూ ఇక్కడేగా."

"మరి ఉల్లిపాయల వాసన అటునుంచి వస్తోందేమిటండీ?"

ఎంత మొండి రోగికైనా కళ్లలోకి చూస్తూ సూది గుచ్చే అక్క, తల దించుకుంది. అది చూడటం చెల్లెలి వల్ల కాలేదు. తన కోసం అక్క ఇలా నిలబడాలా? చిన్నతనంగా అనిపించింది, మహా సిగ్గేసింది.

"ఎలా ఉంటుందో నాకు తెలీదండీ," అంది. "చేసింది నేనే. ఇందులో ఎవరూ వండటం లేదని నాకు కూడా ఇప్పుడే తెలిసింది."

పని చేజారిందని ఆమెకు అర్థమైపోయింది. పాత యజమాని ముఖం కళ్ల ముందు మెదిలింది.

లాయరమ్మ కుర్చీలో కూర్చుంది. "సాక్షులు రోజూ నాకు 'తెలీదండీ' అని చెబుతూనే ఉంటారు. నిజంగా తెలియక అన్నవాళ్లని ఇదే చూడటం," అని బావ వైపు తిరిగింది. "ఒకసారి ఇక్కడ వండి చూపించండి బాబూ."

బావ బోనెక్కుతున్నవాడిలా బాణలి మోసుకొచ్చాడు. పొయ్యి వెలిగించి, గరిటె పట్టుకుని, అలవాటు ప్రకారం ముందుకి వంగి కలపసాగాడు.

టక్. బొజ్జ తగిలి సొరుగు తెరుచుకుంది. బావ చూడకుండానే తుంటితో దాన్ని మూశాడు. టక్, పక్కది తెరుచుకుంది. దాన్ని మోకాలితో నెట్టాడు. ఉప్పు కోసం కాస్త పక్కకి జరిగాడు, మొదటిది మళ్లీ వచ్చి పొట్టలో పొడిచింది. గరిటె మాత్రం ఆగలేదు. ఆ తుంటి, ఆ మోకాలు ఎంత లాఘవంగా కదులుతున్నాయో చూశాక చెల్లెలికి అసలు సంగతి బోధపడింది. మసీ కాదు, మన్నూ కాదు. బావ ఇక్కడ వండి, వండి, వల్లకాక వెనక్కి పోయాడు.

లాయరమ్మ నవ్వు ఆపుకోలేక లేచి గట్టుకి ఆనుకుంది. ఆవిడ వైపు సొరుగు కూడా తెరుచుకుంది.

"మా ఆయనకి ఇంతకి రెట్టింపు," అంది కళ్లు తుడుచుకుంటూ. "వచ్చే వారం మా ఇంటికి రామ్మా. ముందు ఆయన్ని పొయ్యి ముందు నిలబెట్టి కొలతలు తీసుకో, పొట్టతో సహా. ఆ తరవాతే గోడలు."

ఆవిడ వెళ్లాక చెల్లెలు అక్క మీద విరుచుకుపడింది. "పిడులు బిగించడం ఎంతసేపే? ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"చెబుదామనే ఫోన్ చేశా," అంది అక్క. "నేను నోరు తెరిచేలోపే 'అక్కా, ఈ రోజు కడుపునిండా తిన్నానే, హాయిగా పడుకుంటా' అన్నావు. ఆ ఉద్యోగం మానేశాక నీ నోట ఆ మాట విని ఎన్నాళ్లయిందో. ఫోన్ పెట్టేసి మీ బావతో చెప్పా. 'అది తిని పడుకుంటే చాలు, నా పొట్ట సంగతి తరవాత చూద్దాంలే' అని ఆయనే పొయ్యి మోసుకుని వెనక్కి పోయారు."

బావ వెనక్కి తిరగకుండా బాణలి కలుపుతున్నాడు. అతనికి ఎదురు జవాబు చెప్పకుండా ఏనాడూ ఊరుకోని చెల్లెలు ఈసారి బాల్కనీలోకి వెళ్లి చేతికందినన్ని డబ్బాలు ఎత్తుకుని వచ్చి అతని పక్కన నిలబడింది.

"ఇవి ఎక్కడ పెట్టమంటావు బావా?" అని అడిగింది. ఆ వంటిల్లు చేస్తున్నన్నాళ్లూ ఆమె అతన్ని ఒక్కసారీ అడగని మాట అది.

బావ గరిటె ఆపి ఆమె వైపు చూశాడు. వేళాకోళానికి నోటిదాకా వచ్చిన మాటేదో మింగేసుకున్నాడు.

"ఇక్కడమ్మా," అన్నాడు మెల్లగా, పొయ్యి పక్కన చోటు చూపించి. "నా చెయ్యి అందేచోట."