చీమల మీద నింద

"చీమలు ఎత్తుకపోయినయ్ సుగుణమ్మా. నీ చేన్ల పుట్టలున్నయ్, ఇత్తనం ఏం చేస్తది?"

ఆత్మకూరులో విత్తనాల కొట్టు నడిపే కేశవులు ఆ మాట అనగానే కొట్లో ఉన్న నలుగురూ నవ్వారు. సుగుణమ్మకు ఒళ్లు మండిపోయింది. రెండెకరాల కౌలు చేనులో, ఈ కొట్లోనే కొన్న నాలుగు కిలోల నువ్వులు విత్తి పన్నెండు రోజులైంది. ఒక్క మొలక లేదు. అడగడానికి వస్తే ఈ నవ్వు.

ఇంటికొచ్చి చెబితే భర్త మాసయ్య తల గోక్కున్నాడు. "ఏమో, గట్లనే అయ్యిండొచ్చు. వరుస కట్టి మోస్తుంటే నేను సూసిన."

"నువ్వు గూడ వాని మాటనే అంటవా?" అంటూ ఆమె పార భుజాన వేసుకుని చేనుకు నడిచింది.

చేనులో ఉన్నవి మూడే పుట్టలు. కోపంకొద్దీ తవ్వింది. మోకాటి లోతు పోయాక గింజలు దాచిన చిన్న చిన్న అరలు బయటపడ్డాయి. చీమలు మోచేతుల దాకా ఎక్కి కుట్టాయి. దులుపుకుంటూనే మట్టితో సహా చాటలోకి ఎత్తింది. మూడు పుట్టలవీ కలిపి, జల్లించి, చెరిగితే మిగిలింది సగం టీ గ్లాసు. అందులోనూ ముప్పాతిక గడ్డి గింజలే. అన్ని వేల ప్రాణాలు బతకడానికి, పిల్లల్ని సాకడానికి దాచుకున్న తిండి అంతే.

తెల్లటి పిల్లల్ని నోట కరుచుకుని చీమలు దిక్కుతోచక పరుగెడుతున్నాయి. "వాని మాట పట్టుకొని మీ కొంప తవ్విన" అని పళ్లు కొరికింది. తర్వాత చాళ్లలో మట్టి గీకి చూసింది. విత్తిన నువ్వులు విత్తినట్టే ఉన్నాయి. గోటితో నొక్కితే లోపల ఏమీ లేదు, ఉత్త తొక్క.

తెల్లవారి గ్లాసును కేశవులు బల్ల మీద ఠక్కున పెట్టింది.

"సూడు సేటు, మూడు పుట్టల చీమలు తినేది గింత. మిగిలినయన్నీ నా చాళ్లల్లనే ఉన్నయ్, ఉత్త తొక్కలు, గిగో!" అని కొంగుముడి విప్పి పోసింది.

"లొల్లి చెయ్యకు. గిరాకీ టైమిది."

"చేస్త! చీమలకు నోరు లేదని వాటి మీద పెడితివి. నాకుంది నోరు."

నిన్న నవ్విన వాళ్లలో ఒకడైన ముసలి ఇస్రాయేలు తన చేతిలోని ప్యాకెట్ చింపి నాలుగు గింజలు నలిపి చూశాడు. పొట్టు రాలింది. "నాకొద్దు" అని ప్యాకెట్ బల్ల మీద పడేశాడు. పక్కనున్న ఇద్దరూ తమవీ పెట్టేశారు. కేశవులు ముఖం మాడింది. లోపలికెళ్లి వేరే రకం ప్యాకెట్లు తెచ్చాడు. ఆమె వాటినీ అందరి ముందే చింపించి, నలిపి చూశాకే తీసుకుంది.

అప్పటికే నేల పదును ఆరిపోయింది. మళ్లీ వాన పడేసరికి నువ్వుల అదను దాటింది. మాసయ్య, ఆమె కలిసి ఆ చేనులో ఉలవలు చల్లారు.

ఒకరోజు బస్టాండులో కేశవులు ఎదురై, "మంచి ఇత్తనమే ఇస్తి గదమ్మా, ఇంకేంది కోపం?" అన్నాడు.

"దాటిపోయిన నువ్వుల అదను గూడ ప్యాకెట్ల పెట్టి ఇస్తవా?" అని సుగుణమ్మ ముఖం మీదే అడిగి బస్సెక్కింది.