మెకానిక్ చెవులు

ఆ వీధిలో మెకానిక్ చెవి మీద అందరికీ గురి. పాత బండి ఏదైనా స్టార్ట్ చేసి నిలబెడితే చాలు, కళ్లు మూసుకుని కాసేపు విని, "పెట్రోలు ఎక్కువ తాగుతోంది" అనో, "గాలి చాలట్లేదు" అనో చెప్పేసేవాడు. స్క్రూడ్రైవర్ పట్టుకునేది ఆ తర్వాతే.

అలాంటివాడి దగ్గరికి పోస్ట్‌మాన్ ఒకే వారంలో మూడోసారి బండి తోసుకుంటూ వచ్చాడు.

"అన్నా, పొద్దున బాగానే స్టార్టవుతోంది. కాస్త వేడెక్కాక ఎవరింటి ముందైనా ఆపానా, ఇక అంతే, మొండికేస్తోంది. ఉత్తరాలకన్నా దీన్నే ఎక్కువ మోస్తున్నా!"

"మొన్నేగా కడిగి బిగించాను" అని గొణుక్కుంటూ మెకానిక్ మళ్లీ కార్బురేటర్ విప్పాడు. అడుగు గిన్నెలో మడ్డి లేదు. పెట్రోలు చిమ్మే జెట్లను వెలుతురుకి పెట్టి చూశాడు. వాటి కన్నాలూ శుభ్రంగానే ఉన్నాయి. అన్నీ బిగించి, ఇంజన్ నడిపించి, గాలి స్క్రూ అటూ ఇటూ తిప్పుతూ తల వంచి విన్నాడు.

"ఇప్పుడు బాగుంది."

"బాగాలేదండీ!" అంది అతని భార్య. షెడ్డు వెనకే ఇల్లు. వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. రెండుసార్లు కేకేసినా అతను తిరిగి చూడలేదు.

ఏడాదిగా ఇదే వరస. "కూరలో ఉప్పు సరిపోయిందా?" అంటే "రేపొస్తాడులే" అనేవాడు. డాక్టరుకి చూపించుకోమని చెవిలో ఇల్లు కట్టుకుని పోరినా, "నీ గొంతే తగ్గింది" అని ఆమె మీదికే తోసేవాడు.

ఆమె తడి చేతులతోనే వచ్చి అతని భుజం తట్టింది.

"సన్నగా బుస కొడుతోందండీ. వినిపించట్లేదా?"

"ఏం బుస? బండి గడియారంలా నడుస్తోంటే!"

"అది మొదట్నుంచీ ఉందిగా వదినా. పాత బండి, ఆయాసమేమో అనుకున్నా" అన్నాడు పోస్ట్‌మాన్.

మెకానిక్ అతని ముఖంలోకి చూశాడు. "నీకూ వినిపిస్తోందా?"

ఇంజన్ మోత అతనికి అందుతూనే ఉంది. ఆ సన్నటి చప్పుడే అందట్లేదు. స్టూలు ఆమె వైపు జరిపి, మెల్లగా అన్నాడు. "ఎక్కడ్నుంచి వస్తోందో చూసి చెప్పు."

ఆమె వంగి చెవి పెట్టింది. కార్బురేటర్‌ని ఇంజన్‌కి కలిపే రబ్బరు గొట్టం చూపించింది. అతను సబ్బునీళ్లు తెచ్చి దాని చుట్టూ చుక్కలు వేయించాడు. కింది పక్కన చుక్క పడగానే గొట్టం బుడగలన్నీ లోపలికి లాక్కుంది. బుస ఆగిందని ఆమె చెప్పేలోపే, ట్యాంకు మీద పెట్టిన అతని అరచేతికి ఇంజన్ తడబడిన సంగతి తెలిసిపోయింది. గొట్టం ఊడదీసి చూస్తే, క్లిప్పు కింద గోరంత పగులు. వేడెక్కినప్పుడల్లా తెరుచుకుని దొంగగాలి పీలుస్తోంది. పాపం, కార్బురేటర్ తప్పేం లేదు.

కొత్త గొట్టం వేసి మళ్లీ స్క్రూ తిప్పాడు.

"ఇంకొంచెం... ఇంకొంచెం... ఆ, చాలు!" అంది ఆమె.

పోస్ట్‌మాన్ వెళ్లిపోయాక అతను అక్కడే కూలబడ్డాడు.

"నాకు తెలుస్తూనే ఉంది. ఒప్పుకుంటే నిజమైపోతుందని భయం. చెవి పోతే ఇంకేం మెకానిక్‌ని?"

ఆమెకి కళ్లు చెమర్చాయి. పక్కనే కూర్చుని, అతనికి అందేలా గట్టిగా అంది. "చేతులున్నాయిగా! చెవులు నేను అరువిస్తాను. కానీ డాక్టరు దగ్గరికి రాకపోతే అరువు లేదు."

అతనికి నవ్వొచ్చింది. మర్నాడే వెళ్లారు. పోయిన వినికిడి తిరిగి రాదనీ, ఉన్నది కాపాడుకోవచ్చనీ డాక్టరు చెప్పి చెవికి మిషను పెట్టాడు. మనుషుల మాటలకి అది బాగానే ఉంది. ఇంజన్ మోత మాత్రం డబ్బాలో రాళ్లు వేసి ఊపినట్టుండేది. అందుకని స్క్రూ తిప్పేటప్పుడు దాన్ని తీసి జేబులో వేసుకునేవాడు.

"నాకు సరిగ్గా వినబడదు. మా ఆవిడ వింటుంది" అని వచ్చినవాళ్లకి తనే చెప్పడం మొదలుపెట్టాడు. మొదట్లో ఆమె సిగ్గుపడి పైట సర్దుకునేది. ఇప్పుడు "పెట్రోలెక్కువైంది" అని ఆమె, "కాదు, గాలే తక్కువ" అని ట్యాంకు మీద చెయ్యి పెట్టి అతను వాదులాడుకుంటుంటే, బండి తెచ్చినవాళ్లు ఎవరు గెలుస్తారా అని చూస్తూ నిలబడుతున్నారు.