అమ్మినవారి పలుపు

కారు కొనబోయే ముందు ఏమేం చూసుకోవాలో యేసన్నకు తెలిసినంతగా అనంతపురంలో మరొకరికి తెలియదు. ఇరవై ఏళ్ళుగా లారీ షెడ్డులో బండ్ల కింద వెల్లకిలా పడుకుని బతుకుతున్నవాడు. ఇంజను దగ్గు విని జబ్బేమిటో చెప్పేవాడు. అలాంటి మనిషిని టికెట్టు పెట్టి మరీ వెంటబెట్టుకుపోయి, అతను చెప్పినవన్నీ శ్రద్ధగా విని, అసలైన ఒక్కదాన్ని గాలికొదిలేశాడు పామిడి లింగప్ప. లింగప్ప మోసగాడైనా బాగుండును, నాలుగు తిట్లు తిట్టి ఊరుకోవచ్చు. వచ్చిన చిక్కల్లా ఆయన మంచివాడు కావడమే.

లింగప్పది ఎద్దుల వ్యాపారం. జిల్లాలో ఎక్కడ పశువుల పరస జరిగినా అక్కడ ఆయన ఎర్ర తలపాగా కనిపించాల్సిందే. కోడె పళ్ళు చూసి వయసు చెబుతాడు, సుడి చూసి గుణం చెబుతాడు. తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని కుదిర్చిన బేరం ఆకాశం విరిగి మీద పడినా మారదు. ఆయన నోటి మాట మీద, కాగితం ముక్క లేకుండా, వందల జతల ఎద్దులు చేతులు మారాయి. అలాంటి మనిషికి పంతొమ్మిది వందల యాభై ఏడులో కారు మీద మనసు పడింది.

సోకు కోసమేమీ కాదు. పామిడిలో అప్పటికి ఒక్క టాక్సీ లేదు. పాము కరిచినా, కాన్పు కష్టమైనా, అనంతపురం ఆసుపత్రికి పోవాలంటే బస్సు కోసం రోడ్డు మీద పడిగాపులు కాయాల్సిందే. కారు కొని టాక్సీగా తిప్పుదామని, నడిపేది యేసన్నేనని, వచ్చినదాంట్లో సగం అతనిదేనని లింగప్ప షెడ్డుకొచ్చి చెప్పినప్పుడు యేసన్నకు ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే అతని నడుము పోతూ ఉంది. పొద్దున లేవాలంటే భార్య పెద్దక్క రెండు చేతులూ పట్టి లాగాలి. ఇంకో రెండేళ్ళు ఇలాగే బండ్ల కింద పడుకుంటే మంచానికి అంటుకుపోతావని ఆసుపత్రిలో చెప్పేశారు. సీట్లో కూర్చుని చేసే పని ఈ జన్మలో తనకు దొరుకుతుందని అతను అనుకోలేదు.

కారు మడకశిరలో ఉంది. చనిపోయిన ఒక డాక్టరుగారిది. కోలారు గనుల్లో పనిచేసిన దొర ఎవరో దేశం విడిచి పోతూ ఆయనకు అమ్మాడట. ఫ్రెంచి కారు. పేరు పలకబోతే యేసన్నకే నోరు తిరగలేదు. డాక్టరుగారి భార్య లక్ష్మీనరసమ్మ పెంకుల కొట్టం తలుపులు తీయించింది. పొడుగాటి ముక్కు, గంధపు రంగు ఒళ్ళు, ఎర్ర తోలు సీట్లు. లింగప్ప దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు. బానెట్టు మీద అరచేత్తో చరిచి చెవి పెట్టి విన్నాడు. "సుడి మంచిదే" అన్నాడు.

"ఎద్దు గాదన్నా అది." యేసన్న ఆయన్ని పక్కకు లాక్కుపోయాడు. "నేను చూసేదాంక నోరు మూసుకోనుండు. నీ మొగంలో ఆశ కనబడితే ఆయమ్మ ధర దిగదు."

మధ్యాహ్నం దాకా చూశాడు. కింద దూరి చూశాడు, ఆయిలు వేలికి రాసుకుని వాసన చూశాడు, ఇంజను మీది నంబరు కాగితాల్లో ఉన్న నంబరుతో కలిపి చూశాడు. నడుము పట్టుకుని పైకి లేచి చెప్పాడు.

"చూడన్నా. ఇంజను గట్టిగా ఉండాది. తుప్పు లేదు. కాయితాలు సరింగా ఉండాయి. స్టీరింగు ఎడం పక్కుండాది, నేను అలవాటు చేసుకుంటా. కడుపు నేలకు దగ్గరుండాది, బండ్ల గాడిలో దిగితే తగుల్తాది, చూసి తోల్తా. నీళ్ళు బాగా తాగుతాది, డబ్బాలో మోసుకోని పోతా. ఇవన్నీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది ఒగటుండాది. దీని లోపల ఏదన్నా విరిగితే మద్రాసులో దొరకదు, బెంగుళూర్లో దొరకదు. ఓడలో రావాల. పాత కారు కొనేవాడు కారును తర్వాత చూడాల, దాని సామాన్లు యాడ దొరుకుతాయో ముందు చూడాల."

ఈ మాట వరండాలో నిలబడిన లక్ష్మీనరసమ్మ చెవిన పడింది. "దానికి ఆయన ఏర్పాటు చేసే పోయినారప్పా" అని లోపలికి పిలిచింది.

టేకు పెట్టె. మనిషి పట్టేటంత ఉంది. మూత తీస్తే నూనె కాగితాల్లో చుట్టిన సామాన్లు, ఒక్కో పొట్లం మీద డాక్టరుగారి చేతిరాతలో దాని పేరు. బేరింగులు, గాస్కెట్లు, నీళ్ళ పంపు. అన్నిటికన్నా అడుగున, గుడ్డలో భద్రంగా, వెనక చక్రాలను తిప్పే పళ్ళ చక్రాల జత. యేసన్న దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని కళ్ళకద్దుకున్నాడు.

"ఈ పెట్టె ఉంటే పదేండ్లు తోల్తానన్నా. ఈ పెట్టె లేకుంటే ఈ కారు ఊరికే ఇచ్చినా వద్దు."

లింగప్ప తలూపాడు. బేరం మొదలైంది. అలవాటుగా తువ్వాలు చాపాడు గానీ, ఆమె రెండడుగులు వెనక్కి వేసేసరికి, నలుగురిలో పంచె జారినవాడిలా సిగ్గుపడుతూ ధర నోటితోనే చెప్పాడు. కుదిరింది. ఇద్దరు మనుషులు పెట్టెను మోసుకొచ్చి కారు డిక్కీ దగ్గర దించారు.

"పెట్టె మళ్ళా ఇంట్లోనే పెట్టండప్పా" అన్నాడు లింగప్ప.

యేసన్న నోరు తెరిచేలోపే లక్ష్మీనరసమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా, కారు నాదైంది, పెట్టె మీది. అమ్మినోళ్ళ పలుపు కొన్నోళ్ళు తీసుకపోగూడదు. ఎద్దును కట్టిన పలుపు ఆ ఇంటి గుంజకే ఉండాల. అది గడప దాటితే లక్ష్మి గూడా దాని ఎంట పోతాది. ముప్పై ఏండ్లల్లో నేను ఎవురి పలుపూ తీసుకపోలేదు. మాకు కావాల్సింది కొత్తది మేం తెచ్చుకుంటాం."

"పలుపు గాదన్నా అది, కారు ప్రాణం!" యేసన్న నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. "మరి ఆ స్టెప్నీ, ఆ ఐదో చక్రం తీసుకుంటివి గదా? అది పలుపు గాదా?"

"అది కారుకు తగిలించి ఉండాది. పెట్టె ఇంట్లో ఉండాది."

"విరిగితే?"

"నువ్వుండావు గదా."

ఇంత నమ్మకంగా అన్న మనిషితో ఎలా వాదిస్తాం? లక్ష్మీనరసమ్మ కూడా తీసుకుపొమ్మని రెండుసార్లు చెప్పింది. ఆయన చెవిన పెట్టలేదు. పెట్టె లేకపోతే నేను రానని యేసన్న ఆ క్షణంలో అని ఉండాల్సింది. అన్నాడా? అనలేదు. ఎర్ర తోలు సీటు నడుముకు ఎలా ఉంటుందో చూద్దామని కూర్చున్నాడు. కూర్చున్నాక లేవబుద్ధి కాలేదు. ఆ తప్పు మాత్రం అతనిదే, దాన్ని ఎవరి నెత్తినా రుద్దడానికి లేదు.

మర్నాడే షెడ్డు మానేశాడు. నాలుగు నెలలు రాజాలాగా గడిచింది. ఆరు కాన్పులు, రెండు పాము కాట్లు, లెక్కలేనన్ని పెళ్ళిళ్ళు. పెద్దక్క చెయ్యి పట్టకుండానే పొద్దున లేచేవాడు. ఐదో నెలలో, గుత్తి నుంచి ఒక ముసలాయన్ను ఆసుపత్రికి తీసుకొస్తుండగా మిట్ట మీద కారు వెనక భాగంలో రాళ్ళు నూరినట్టు చప్పుడైంది. ఇంజను తిరుగుతూనే ఉంది, చక్రాలు తిరగడం లేదు. ముసలాయన్ను దారిన పోయే లారీ ఎక్కించి, యేసన్న కారు కిందికి దూరాడు. చూడక ముందే తెలుసు. పళ్ళ చక్రం పళ్ళు రాలిపోయాయి. లింగప్ప ఎద్దులే కారును పామిడికి లాక్కొచ్చాయి.

ఇక అక్కణ్ణుంచి మొదలైంది. బెంగుళూరుకు రాయిస్తే లేదన్నారు. మద్రాసుకు రాయిస్తే, తెప్పించాలంటే సర్కారు పర్మిటు కావాలి, రెండేళ్ళు పడుతుందన్నారు. అనంతపురంలో లేతు పట్టేవాడి కాళ్ళావేళ్ళా పడి మూడుసార్లు కొత్త చక్రం కోయించాడు. మూడూ ఊరి పొలిమేర దాటక ముందే విరిగాయి. షెడ్డులో అతని చోట్లో వేరేవాణ్ణి పెట్టుకున్నారు. లింగప్ప మాత్రం రోజూ వచ్చి, కారు ముక్కు నిమిరి, "ఇంగా ఎన్నాళ్ళప్పా?" అని అడిగి పోయేవాడు. అలా అడిగినప్పుడల్లా యేసన్నకు ఒళ్ళు మండిపోయేది. విరిగినదానికి బదులు వేసే జత నూనె గుడ్డలో మడకశిరలో నిద్రపోతోంది. అది ఎక్కడుందో తెలిసి కూడా ఊరికే కూర్చోవడమంత నరకం ఇంకోటి లేదు.

ఆఖరికి ఒక్కడే బస్సెక్కాడు.

లక్ష్మీనరసమ్మ ఆదరంగా కూర్చోబెట్టి చెంబుతో నీళ్ళిచ్చింది. పెట్టె హాల్లోనే ఉంది. దానికి పసుపు, కుంకుమ. పక్కన దీపం.

"నీళ్ళు ఎట్లుండాయప్పా?"

"తియ్యగుండాయమ్మా."

"మా బావివే. మూడేండ్లుగా ఎండి ఉండేది. తవ్వి తవ్వి బండ తగిలిందని పనోళ్ళు చేతులెత్తేసినారు. మీరు కారు తీసుకపోయిన తర్వాతి వారం ఆఖరిసారి అని మందు పెట్టి పేల్చినాం. నీళ్ళు ఎగజిమ్మినాయి. ఇప్పుడు ఈ వీధంతా ఈడనే తోడుకుంటాండారు." ఆమె పెట్టె వైపు చూసింది. "మీ లింగప్ప చెప్పింది నేను ఆ పొద్దు నమ్మలేదు. పెట్టె గడప దాటితే లక్ష్మి పోతాదని చెప్పింది ఆయనే గదా. రేపు ఇది నీకిచ్చి, బావి ఎండితే, బిందెలు పట్టుకోని వచ్చే ఆడోళ్ళకు నేనేమని చెప్పాల?"

యేసన్న బతిమాలాడు. నడుము సంగతి చెప్పాడు. ఆమె కంటనీరు పెట్టుకుంది గానీ పెట్టె మీది నుంచి చెయ్యి తియ్యలేదు. "ఆ మాట అన్నాయనే వచ్చి, ఏమీ గాదని తన నోటితో చెప్పమను. ఆ నిమిషమే ఇస్తా."

ఇంతేనా అనుకున్నాడు. అంతే!

లింగప్పను తీసుకురావడానికి పది రోజులు పట్టింది. బస్సులో దారి పొడుగునా యేసన్న పాఠం చెప్పాడు. "ఒక్క మాటన్నా. అది ఎద్దులకే గానీ కార్లకు గాదని చెప్పు, చాలు. ఎద్దుకు ప్రాణముండాది, కారుకు లేదు. అబద్ధం గూడా గాదు అది." లింగప్ప ఆలోచించి, "నిజమేనప్పా, కారుకు లక్ష్మి యాడిది?" అన్నాడు. మనసారా అన్నాడు. యేసన్నకు సగం నడుము నొప్పి అప్పుడే పోయింది.

ఇంటికి పోగానే లక్ష్మీనరసమ్మ ఆయన్ని పెరట్లోకి, బావి దగ్గరికి తీసుకుపోయింది. బిందెలతో ఏడెనిమిది మంది ఆడవాళ్ళు తమ వంతు కోసం నిలబడి ఉన్నారు. లింగప్పను చూసి పక్కకు జరిగారు. ఆయన బావి గట్టు మీద చేతులు పెట్టి లోపలికి వంగాడు. పామిడిలో ఆ ఏడు పెన్న ఇసుకలో చెలమ తవ్వినా తడి తగలడం లేదు. కింద నల్లగా నీళ్ళు కదులుతున్నాయి.

"చెప్పప్పా" అంది లక్ష్మీనరసమ్మ. "పెట్టె పోతే ఏమీ గాదు గదా? నువ్వు గాదంటే గాదు. తీసుకపోండి."

లింగప్ప తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. "ఎద్దుకేనమ్మా అది..." అన్నాడు. లింగప్ప ఆడవాళ్ళ వైపు చూశాడు, మళ్ళీ బావిలోకి చూశాడు.

"ఎద్దుకేనని చెప్పమని యేసన్న చెప్పినాడు. నేనూ అట్లే అనుకోని వచ్చినా. ఈ నీళ్ళు చూసినంక నాకు తెల్దమ్మా. తెల్దని తెలిసీ, ఏమీ గాదని నేను చెప్పలేను. పెట్టె ఇయ్యొద్దు."

యేసన్న గిరుక్కున తిరిగి బయటికొచ్చాడు. బస్టాండు దాకా ముందు నడిచాడు. లింగప్ప వెనకాలే వచ్చాడు, తలపాగా ఇంకా చేతిలోనే ఉంది.

"నన్ను తిట్టప్పా" అన్నాడు లింగప్ప. "ఏమన్నా అను. కారు పోతే పోనీ, నేను ఇంగో జత ఎద్దులమ్ముకోని బతుకుతా. నోటి మాట పోతే నాకేముండాది?"

యేసన్న తిరిగి చూశాడు.

"ఆయమ్మ బావి నీ కండ్లకు కనిపిచ్చింది. నా నడుము కనిపిచ్చలేదా అన్నా?"

బస్సు వచ్చింది. యేసన్న కడ్డీ పట్టుకుని, ఒక్కొక్క మెట్టే, మెల్లగా ఎక్కాడు.