రావుగారి బోల్టు, హన్మాండ్లు పన్ను

ఈ దుఖాన్ ఎడారి ఎండ మీద ఒట్టు. ఇందులో ఒక్క ముక్క అబద్ధమైనా నా నాలుక అప్పడంలా వేగిపోవాలి. అంతా జరిగిందే. లెక్కలు మాత్రం కాస్త తగ్గించి చెబుతాను, నువ్వు జడుసుకోకుండా.

మా కంపెనీ కాలనీలో మూడిళ్ళ అవతల రామచంద్రరావు ఉంటాడు. కాకినాడవాడు, చమురు బావుల ఇంజనీరు. వారమంతా డ్యూటీ, శుక్రవారమొస్తే విమానం. కొన్నది కాదు, సొంతంగా కట్టుకున్నది. మదీనత్ అల్ షమాల్ దారిలో చిన్న విమానాలెగిరే మైదానం పక్కన షెడ్డు అద్దెకు తీసుకుని, కొయ్యతో, గుడ్డతో రెక్కలు చేసి, ముక్కులో ఒక పాత కారు ఇంజను బిగించాడు. నాలుగేళ్ళు పట్టింది. ఆ నాలుగేళ్ళూ భార్య వేదవతి ఆయన ముఖం చూడలేదు. విమానం కింద నుంచి బయటికొచ్చిన కాళ్ళే చూసింది.

ఆ ఇంజనుకు వైద్యుడు హన్మాండ్లు. మెట్‌పల్లిలో కార్ల మెకానిక్కు, ఇక్కడ దోహాలో ప్రపంచ కప్పు స్టేడియం సైట్లో నీళ్ళ పంపులు చూసే పని. ప్రతి శుక్రవారం రావు కారేసుకుని వెళ్ళి ఆయన్ను షెడ్డుకు తెచ్చుకునేవాడు.

"కారుల ఉన్నప్పుడు ఇంజను సిగ్నల్ సిగ్నల్‌కు దమ్ము తీసుకుంటది సార్. మీద సిగ్నలేడిది? గందుకే పది గంటలు తిరిగినంక అంత ఇప్పి సూడాలె," అనేవాడు హన్మాండ్లు.

హన్మాండ్లు ఏ ఇంజను మీద ఒకసారి చెయ్యేసినా, ఆపైన ఎంత దూరంలో ఉన్నా దాని రోగం ఆయన ఒంట్లోకొస్తుంది. ప్లగ్గుకు మసి పట్టిందా, ఆయనకు దగ్గు. రేడియేటర్ కారిందా, ముక్కు కారుతుంది. బోల్టు వదులైందా, పన్ను కదులుతుంది. లేబర్ క్యాంప్ డాక్టరు ఆయనకు మాత్రలు కూడా రాయడు, 'గొట్టం మార్చాలి' అని రాసిచ్చి పంపేస్తాడు.

కారు ఇంజను మహా జోరుగా తిరుగుతుంది. విమానం ముక్కున తిరిగే పంకాకు అంత జోరు పనికిరాదు. అందుకని మధ్యలో ఒక బెల్టు, ఒక పెద్ద పుల్లీ, ఆ పుల్లీకి ఆరు బోల్టులు. బిగించాక ప్రతి బోల్టు తల మీంచి పక్క ఇనుము మీదికి ఎర్ర రంగుతో ఒక గీత గీస్తారు. గీత విరిగిందంటే బోల్టు తిరిగిందన్నమాట.

ఈసారి దసరా గురువారం పడింది. రావు సెలవు పెట్టి, పొద్దున్న ఇంజను నేల మీదే గంటసేపు తిప్పి చూశాడు. ఒక బోల్టు వెంట్రుకవాసి తిరిగింది, రావు గమనించలేదు. దోహా క్యాంపులో హన్మాండ్లుకు చిగురు జిలపుట్టింది. "ఈ మెస్సు రొట్టెలు రాళ్ళురా," అని వంటవాణ్ణి తిట్టి ఊరుకున్నాడు.

సాయంత్రం షెడ్డులో ఆయుధపూజ. వేదవతి నూనెలో కలిపిన కుంకుమతో ఆరు బోల్టులకూ ఆరు బొట్లు పెట్టింది. ఎంత పొందిగ్గా పెట్టిందంటే, సరిగ్గా గీతల మీదే. బోల్టులు బిగించే పానాలన్నీ పూజలోనే ఉండిపోయాయి. ఉద్వాసన చెప్పందే ముట్టుకోకూడదు కదా.

శుక్రవారం స్టేడియంలో అందరికీ ఓవర్‌టైం, హన్మాండ్లు రాలేదు. రావు ఒక్కడే టార్చి వేసి చూశాడు. ఆరూ ఎర్రగా, నిండుగా ఉన్నాయి. ఎక్కి ఎగిరిపోయాడు.

ఆయన సముద్రం మీదికెళ్ళాక, షెడ్డు ముందు నా పక్కన నిలబడ్డ వేదవతి ఫోను మోగింది.

"అమ్మా, నేను నగేష్‌ను. హన్మాండ్లన్న రూంల ఉంట. అన్న పన్ను ఊగుతున్నది. సారు మీదికి పోయిండా?"

"వెళ్ళారు. హన్మాండ్లునే మాట్లాడమను నగేషూ!"

"ఎట్ల మాట్లాడుతడమ్మా? పన్ను రెండు వేళ్ళతోని పట్టుకొని నిలబడ్డడు. ఇడిస్తే ఊడుతది."

వేదవతి చేతి రేడియో అందుకుంది. "ఏవండీ, బోల్టు వదులైందట. దిగిరండి."

"గీతలు చూశాను వేదా. ఆరూ ఎర్రగానే ఉన్నాయి."

"అది రంగు కాదండీ. నా కుంకుమ."

రావు ఒడ్డు ఎంత దూరమో లెక్కగట్టాడు. ఆలోగా నేను విష్ణు సహస్రనామం రెండుసార్లు పూర్తిచేశాను.

"ఒడ్డు పన్నెండు నిమిషాలు," అన్నాడు రావు. "ఇంజను ఆపితే నీళ్ళలోకే. పుల్లీ ఊడినా నీళ్ళలోకే. హన్మాండ్లును గట్టిగా పట్టుకోమను."

అక్కడ స్టేడియంలో ఫోర్‌మన్ ఇస్హాక్ "యల్లా, యల్లా!" అని పని తొందరపెడుతూ వచ్చాడు. హన్మాండ్లు నోట్లో వేళ్ళు చూసి ఒక్కటే అడిగాడు: "ఎంతసేపు?"

"పన్నెండు నిమిషాలు," అన్నాడు నగేష్.

"నేల అదరకూడదు. క్రేన్లాపండి!" అని అరిచాడు ఇస్హాక్.

పద్నాలుగు దేశాల వాళ్ళు, నలభై వేల మంది, ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ప్రపంచ కప్పు ఆ పూట పన్నెండు నిమిషాలు వెనకబడింది. ఎక్కడా రాయలేదు గానీ, వెనకబడింది.

విమానం చుక్కలా కనబడుతుండగా ఫోన్లో నగేష్ కేక: "జారుతున్నదమ్మా! చెమటకు వేళ్ళు జారుతున్నయ్!"

పైన విమానం ముక్కు గడగడ వణికింది. రేడియోలో రావు ఏదో అన్నాడు, అదురులో మాట ముక్కలైపోయింది. వేదవతి నా చెయ్యి పట్టుకుంది. ఆ గోళ్ళ గుర్తులు ఇవిగో, ఇప్పటికీ.

ఇస్హాక్ తల మీది గుడ్డ లాగి హన్మాండ్లు వేళ్ళకు చుట్టాడట. పట్టు మళ్ళీ దొరికింది. విమానం నిమ్మళించింది. ఇసుక దాటింది, కంచె దాటింది, చక్రాలు నేలకు తగిలాయి, ఆగింది. అప్పుడు టంగుమని ఒక బోల్టు రాలి వేదవతి కాళ్ళ దగ్గరికి దొర్లింది.

"ఊడింది," అన్నాడు నగేష్ ఫోన్లో, మెల్లగా.

రావు దిగొచ్చి ఫోను తీసుకున్నాడు. "హన్మాండ్లూ..." అన్నాడు.

"సార్," అన్నాడు హన్మాండ్లు, బోసి సందులోంచి గాలి పోతుంటే. "ఇంజను బంద్ చేయుండ్రి. నా దవడ ఇంక తిరుగుతనే ఉన్నది."

ఇప్పుడు వేదవతి బొట్లు బోల్టు మీద కాదు, పక్కన పెడుతోంది. రావు పుల్లీ అంతా విప్పి కొత్త బోల్టులు వేశాడు. రేపు పొద్దున్నే ఎగురుతాడట. నువ్వెలాగూ దోహా వెళ్తున్నావుగా, ముషైరిబ్‌లో పని చూసుకుని ఆ క్యాంపుకు వెళ్ళు. హన్మాండ్లును నోరు తెరవమను. ఒక్కో పన్నూ వేలితో ఊపి చూడు. మొహమాటపడకు, దవడ పళ్ళు కూడా చూడు. చూసిన వెంటనే నాకు ఫోను చెయ్యి, వేదవతికి కాదు. రేపు రావు పక్క సీట్లో కూర్చునేది నేను.

లే మరి. ముందు చేతులు సబ్బుతో కడుక్కో.