కడబంతి

"ఆదివారం వంటింటికి తాళం వేసెయ్. ఆ పూటకి నీకు సెలవు" అని చంద్రరావు ప్రకటించాడు.

ఆ సెలవు పుణ్యమా అని అమ్మాజీ ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకే లేచింది. మామూలు రోజుల్లో అయిదింటికి లేస్తుంది. అత్తగారు సంపూర్ణమ్మ గారికి బయటి తిండి పడదు. షుగరు, బీపీ, వాటికి తోడు గ్యాసు. కాబట్టి ఆవిడకి కేరియర్ సర్దాలి. అడుగు గిన్నెలో అన్నం, దాని మీద బీరకాయ కూర, ఆ పైన ఉప్పు తగ్గించిన చారు, అన్నిటికంటే పైన పెరుగు. సాయంత్రం తిరిగొచ్చేసరికి పిల్లలు ఆకలంటారని పులిహోర కలిపింది. పనిమనిషి బుల్లెమ్మ ఆ రోజు రాదు గనక గిన్నెలు కూడా తోమేసింది. తొమ్మిదింటికి చంద్రరావు కాఫీ తాగుతూ, ఇవాళ హాయిగా ఉంది కదూ నీకు అన్నాడు. హాయి ఏ మూల ఉందో వెతికే తీరిక కూడా లేక అమ్మాజీ ఊఁ అంది.

ఇంతకీ ఆ విందు ఆమెకే. కొవ్వూరు బ్యాంకులో పంతొమ్మిదేళ్ళుగా క్లర్కు. పరీక్ష రాసింది, ఆఫీసరుగా ప్రమోషను వచ్చింది. రామచంద్రపురం బ్రాంచికి పోస్టింగు, ఒకటో తారీఖున చేరాలి. పురుగుమందుల షాపుకొచ్చిన ప్రతి రైతుకీ చంద్రరావు ఈ మాట చెప్పాడు. మా ఆవిడ ఆఫీసరైందండి అని చెప్పి, వెంటనే, వెళ్ళట్లేదనుకోండి, కుదరదండీ అని కలిపేవాడు. ఆమె తొంభైఅయిదులో ఒకసారి వద్దని రాసిచ్చింది, పిల్లవాడు చిన్నవాడని. తొంభైతొమ్మిదిలో ఇంకోసారి, అత్తగారి కంటి ఆపరేషనని. రెండుసార్లూ ఉత్తరం రాసింది చంద్రరావే. ఆమె సంతకం పెట్టింది, అంతే. మూడో ఉత్తరం కూడా తయారై అతని చొక్కా జేబులో ఉంది. భోజనాలయ్యాక సంతకం పెట్టేస్తే సోమవారం ఇచ్చేయొచ్చు. ఈసారి కూడా వద్దంటే ఇంక అవకాశం ఉండదమ్మా అని మేనేజరు గారు చెప్పారు. ఆ మాట ఆమె ఇంట్లో రెండుసార్లు చెప్పింది. పేరుకి పేరు వచ్చింది, ఇల్లు ఇల్లులా ఉంది, ఇంకేం కావాలి నీకు అన్నాడు చంద్రరావు. మంచి ప్రశ్నే. కానీ అడిగినవాడు జవాబు కోసం ఆగలేదు, టీవీ పెట్టుకున్నాడు.

బ్రిడ్జి దాటి రాజమండ్రి వెళ్ళారు. గట్టు దగ్గర కొత్తగా తెరిచిన ఏసీ రెస్టారెంటది. అద్దాల్లోంచి గోదావరి కనబడుతోంది, గుడ్డ నేప్కిన్లు పువ్వుల్లా మడిచి గ్లాసుల్లో పెట్టారు. అయిదుగురూ బల్ల చుట్టూ సర్దుకున్నారు. కేరియర్ అమ్మాజీ కాళ్ళ దగ్గర పెట్టుకుంది. వయసు మళ్ళిన వెయిటరు వచ్చాడు. కోటు మీద బిళ్ళపై యెహెజ్కేలు అని ఉంది. చంద్రరావు, పిల్లలు పోటీలు పడి చెప్పారు. సూపులు, అపోలో ఫిష్, నాన్లు, చికెన్ కూర, ఫ్రైడ్ రైసు.

"మేడమ్ గారికండీ?" అన్నాడు యెహెజ్కేలు.

"ఆవిడకేం, మావాటిల్లోనే సర్దుకుంటుంది. తెచ్చెయ్యండి" అన్నాడు చంద్రరావు.

సర్దుకుంటుంది అన్నమాటేగాని, వంటకాలు వచ్చేసరికి ఏం జరిగిందో చూడండి. సంపూర్ణమ్మ గారు ముందు సూపు వాసన చూశారు. ముల్లు లేని చేపంటే ఎలా ఉంటుందో చూద్దామని ఒక ముక్క తీసుకున్నారు. ఒక ముక్క నాలుగైంది. ఫ్రైడ్ రైసు మెత్తగా ఉంది, నాకు పడుతుందిలే అన్నారు. షుగరూ బీపీ గ్యాసూ మూడూ కలిసి ఆ పూటకి సెలవు పెట్టినట్టున్నాయి. తినొద్దని అమ్మాజీ అనలేదు. డెబ్భై రెండేళ్ళ మనిషి ఇష్టంగా తింటుంటే చూడటం బాగానే ఉంది. అసలు సంగతి ఆ తరవాత వచ్చింది.

"అమ్మాయ్, ఆ కేరియర్ పాడైపోతుంది కదే. అన్నం పారబోస్తే పాపం. నువ్వు తినెయ్."

"నిజమే. నీకు వేరే చెప్పక్కర్లేదు, అన్నీ సరిపోయాయి" అన్నాడు చంద్రరావు తృప్తిగా.

పదో తరగతి గణేష్‌బాబు నోట్లో నాన్ ముక్కతో, అమ్మకి బయటివి ఇష్టం ఉండవు నాన్నా అన్నాడు. వాడు అబద్ధం చెప్పలేదు. వాడు పుట్టినప్పటినుంచీ చూసింది చెప్పాడు. ఇంటర్ చదివే దుర్గాశ్రీ మాత్రం తల్లి వంక చూసింది.

అమ్మాజీ వంగి కేరియర్ బల్ల మీద పెట్టింది. మూత తీయబోతుంటే యెహెజ్కేలు గబగబా వచ్చి, చాలా ఇబ్బంది పడుతూ, బయట భోజనం లోపల తిననివ్వరండి, ఏమీ అనుకోకండి అన్నాడు. చంద్రరావు ఒక్క క్షణం ఆలోచించి, దానికేముంది, కార్లో కూర్చుని తినేసి రా, పది నిమిషాల పని, ఈలోగా మేం ఐస్‌క్రీం చెబుతాం అన్నాడు. కోపంగా కాదు, వెటకారంగా కాదు. చిల్లర సమస్య చిల్లరగా తీర్చేసిన మనిషిలా అన్నాడు.

ఆమె కేరియర్ పట్టుకుని లేచింది.

తలుపు తీయగానే ఎండ మొహాన కొట్టింది. పదిహేను మెట్లు దిగాలి. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. వండేదీ తనే, వడ్డించేదీ తనే, అయినా ఏళ్ళ తరబడి కడబంతిలోనే కూర్చునే మనిషి మీద మాత్రం ఎవరూ సామెత కట్టలేదు. ఇరవై ఏళ్ళుగా అందరూ చేతులు కడుక్కున్నాక, గిన్నెల అడుగున మిగిలింది ఒక పళ్ళెంలో కలుపుకుని, వంటగట్టు పక్కన పీట మీద తింటోంది. ఎవరూ తినమనలేదు, ఎవరూ వద్దనలేదు. అదే ఇష్టమనుకున్నారు. ఆమె కూడా అలాగే అనుకుంది. బ్యాంకులో లక్షల కట్టలు లెక్కపెట్టి సంతకం పెట్టే మనిషి, తన విందుకి తానే పొద్దున వండిన బీరకాయ కూర, ఎండలో, కార్లో కూర్చుని తినాలన్నమాట. ఆరో మెట్టు మీద ఆమెకి నవ్వొచ్చింది. ఎనిమిదో మెట్టు దగ్గర కళ్ళు మండాయి. అవమానమని పేరు పెట్టడానికి అంతసేపు పట్టింది.

కారు నీడన డ్రైవరు సత్తియ్య తువ్వాలుతో విసురుకుంటున్నాడు. యాభై దాటినవాడు. భోంచేశావా అని అడిగితే, మీరందరూ అయ్యాక పక్క సందులో హోటలుకి వెళ్తానండి అన్నాడు. అందరూ అయ్యాక. ఆ మాట ఆమెకి బాగా తెలిసిన మాటే.

"ఇది తిను సత్తియ్యా. ఎవరూ ముట్టుకోలేదు, ఇప్పుడే తెచ్చాను."

"మరి మీరు తిన్నారాండి?"

పొద్దుటినుంచీ ఆ ప్రశ్న అడిగింది అతనొక్కడే. "లేదు, ఇప్పుడు వెళ్ళి తింటాను" అంది అమ్మాజీ, మెట్లెక్కింది.

ఆమె తిరిగొచ్చి తన కుర్చీలో కూర్చుంటే, అప్పుడే అయిపోయిందా అని చంద్రరావు ఆశ్చర్యపోయాడు. ఆమె యెహెజ్కేలుని పిలిచి మెనూ అడిగింది. అతను తెచ్చిచ్చాడు. మొదటి పేజీనుంచి చదవడం మొదలుపెట్టింది. బ్యాంకు సర్క్యులరు చదివినట్టు, ఒక్క పంక్తి వదలకుండా. ఏం కావాలో తెలియడం లేదు. అది చూసుకుంటే భయం వేసింది. మనిషికి నలభై మూడేళ్ళు, తనకేం తినాలనుందో తనకే తెలియదు. అయినా ఎక్కడో అక్కడ మొదలుపెట్టాలి.

"నేను ఇంట్లో ఎప్పుడూ వండనిది ఏదైనా ఉందాండి?"

యెహెజ్కేలు కాసేపు ఆలోచించాడు. "బేక్డ్ వెజిటబుల్స్ అని ఉందండి మేడమ్. చీజ్ వేసి ఓవెన్లో పెడతారు. కాకపోతే ఇరవై నిమిషాలు పడుతుందండి."

"ఫర్వాలేదు. ఆగుతాను."

ఇరవై నిమిషాలా, షాపుకి మూడింటికి కంపెనీ మనిషి వస్తానన్నాడు అన్నాడు చంద్రరావు. ఆమె మెనూ మూసి పక్కన పెట్టింది. సరే, ఈలోగా ఈ పని కానిచ్చేద్దామని అతను జేబులోంచి ఉత్తరం తీసి, పెన్ను మూత తీసి మరీ ఆమె ముందు పెట్టాడు. అత్తగారు, అవునమ్మా, మంచి రోజు కూడా అన్నారు. వద్దని రాసివ్వడానికి కూడా మంచి రోజు చూశారు పాపం.

వెనకటి రెండు ఉత్తరాలూ ఆమె చదవలేదు. దీన్ని చదివింది. మూడు వాక్యాలు. కుటుంబ పరిస్థితుల దృష్ట్యా, ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా.

"నా ఇష్టమేంటో మీరు ఎప్పుడు అడిగారండి?" అంది. గొంతు పెంచలేదు. "ఒకటో తారీఖున చేరతాను. రామచంద్రపురంలో గది తీసుకుంటాను. శనివారం సాయంత్రం వస్తాను, సోమవారం పొద్దున్నే వెళ్తాను."

దుర్గాశ్రీ పరీక్షలని ఒకటి, అమ్మ మందులని ఒకటి, నలుగురూ ఏమనుకుంటారని ఒకటి, చంద్రరావు ఒక్కొక్కటే తీశాడు. నేను చదువుకోగలను నాన్నా, నానమ్మకి మందులూ ఇస్తాను అంది దుర్గాశ్రీ. ఆ మాటకి అమ్మాజీ ఉలిక్కిపడింది. కూతురు అప్పుడే పీట వాల్చుకుంటోంది.

"నువ్వు చదువుకో చాలు. మందులు మీ నాన్న ఇస్తారు. గణేష్‌కి అన్నం వండటం నేర్పిస్తాను" అంది.

యెహెజ్కేలు గుడ్డతో పట్టుకుని పొగలు కక్కే గిన్నె తెచ్చాడు. అడుగు బాగా కాలుతోందండి, కింద ఏదైనా వెయ్యాలండి అని చుట్టూ చూశాడు. అమ్మాజీ ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి బల్ల మీద తన ముందు సర్దింది. అతను గిన్నె దాని మీద దించాడు.

ఐస్‌క్రీములు అయిపోయాయి. చంద్రరావు వాచీ చూసుకున్నాడు, సంపూర్ణమ్మ గారు నేప్కిను మడతలు విప్పి మళ్ళీ మడిచారు. అమ్మాజీ ఒక్కో చెంచా ఊదుకుంటూ, రుచి చూసుకుంటూ తింది. ఉప్పు కొంచెం తక్కువైంది, అయినా బాగుంది. అందరూ తిన్నాక తినడం ఆమెకి కొత్త కాదు. తను తింటుంటే అందరూ కదలకుండా కూర్చుని ఉండటం కొత్త.