పేరు లేని నత్త

ఊరేగింపు మధ్యాహ్నం. భోజనాల బెల్లు కొట్టేసరికి నత్త మాయమైంది.

స్కూలు ఆఫీసు నుంచి ఫోన్. అవతల మా బ్రిట్టా వెక్కిళ్ళు. "నాన్నా, నా నత్తని తీసుకెళ్ళిపోయారు!"

వ్యాన్ తాళాలు అందుకుని పరుగెత్తాను.

బ్రిట్టాకి ఆరేళ్ళు. మెడ దగ్గర లేబుల్ తగిలినా, కుట్టు ఒరుసుకున్నా చర్మం ఎర్రగా కందేదాకా గీరుకుంటుంది. నిరుడు, పిల్లలు వేషాలేసుకుని ఇల్లిల్లూ తిరిగే హాలోవీన్‌ పండక్కి, దుకాణంలో కొన్న తళుకుల గౌను వేశాం. మొదటి ఇంటి గుమ్మంలోనే దాన్ని చింపుకుని, వ్యాన్ వెనకసీట్లో ముడుచుకుంది. వీధిలో పిల్లలు మిఠాయి సంచులు ఊపుకుంటూ వెళ్తుంటే అద్దంలోంచి చూస్తూ, "నేను ఇంకెప్పుడూ ఏదీ అవ్వను నాన్నా," అంది.

ఈ ఏడు తనంతట తనే వచ్చింది. చేతిలో తనకిష్టమైన బొమ్మల పుస్తకం, ఉత్తరాలు పంచే నత్త కథ. స్కూల్లో ఊరేగింపుకి ఏ కథలోని వేషం వేస్తే ఆ పుస్తకం పట్టుకు నడవాలి.

"నేను ఇదవుతా. కానీ గుచ్చుకోకూడదు."

నాకు గుండీ కుట్టడం తప్ప ఏమీ రాదు. దీనికి అంతకంటే అక్కర్లేదు కూడా. ఉతికి ఉతికి మెత్తబడిన తన బూడిదరంగు హుడీ తీశాను. లోపలి లేబుళ్ళన్నీ కుట్లు విప్పి పీకేశాను. చిన్న మేజోళ్ళలో దూది కూరి హుడీ టోపీకి కొమ్ములు కుట్టాను. వాళ్ళమ్మ పాత పొడుగు మేజోళ్ళలో కూడా దూది కూరి, చుట్టలా చుట్టి, స్కూలు బ్యాగుకి బిగిస్తే గుల్ల తయారైంది. ముసుగు లేదు, ముఖానికి రంగు లేదు. రాత్రి దాన్ని విప్పనని, అలాగే నిద్రపోయింది పిల్ల.

నేను వెళ్ళేసరికి స్కూలు వరండాలో కొక్కేనికి గుల్ల వేలాడుతోంది. హుడీ లేదు. తల్లిదండ్రుల సంఘం పెద్ద పాలెట్ డ్వోరాక్ రంగుకాగితాలు అతికిస్తూ కనిపించింది.

"ఓ, అదా? పేరు లేని బట్టలన్నీ ఇందాకే చర్చికి పంపేశాం. చలికోట్లు పంచుతున్నారుగా. కాలర్‌లో పేరుండాలని రూలు, మీకు తెలియంది కాదు గోర్డన్."

"కొక్కేనికి తగిలించి ఉంది. కొమ్ములున్నాయి!"

"ఈకాలం హుడీలకి చెవులుంటున్నాయి, తోకలుంటున్నాయి. నాకేం తెలుసు? వేషమంటే వేషంలా ఉండాలి మరి."

బ్రిట్టా నా ప్యాంటు పట్టుకుని లాగింది. "నేను చెప్పా నాన్నా. నాది, నాది అని చెప్పా."

నేను పాలెట్ వైపు తిరిగాను. "చెప్పిందా?"

"చెప్పింది. ప్రతి పిల్లా అదే అంటుంది. పేరు కోసం చూశాను, లేదు."

రక్తం తలకెక్కింది. హుడీ పోతే పోయింది. పిల్ల ఎదురుగా నిలబడి ఏడుస్తుంటే ఈవిడ కాలర్ తిప్పి చూసిందట!

"ఆరేళ్ళ పిల్ల నోటితో చెబితే నమ్మవు, వేలెడు గుడ్డముక్క చెబితే నమ్ముతావా?"

"గొంతు తగ్గించండి. ఇక్కడ పిల్లలున్నారు."

"ఉన్నారని ఇప్పుడు గుర్తొచ్చిందా?"

గుల్లని భుజాన వేసుకుని, బ్రిట్టాని ఎత్తుకుని చర్చికి పోనిచ్చాను. ఊరి పక్క సరస్సు మీంచి వచ్చే చలిగాలి వ్యాన్‌ని ఊపేస్తోంది. చర్చి నేలమాళిగలో బట్టలు సర్దుతున్న ముసలావిడ ఎడ్నా, "ఏం పోయింది నాయనా?" అంది.

"కొమ్ములున్న హుడీ."

"అదా!" అని నవ్వి వేలు చూపించింది.

అద్దం ముందు బ్రిట్టా ఈడు పిల్ల. పల్చటి నూలు గౌను మీద మా హుడీ. తల అటూ ఇటూ ఊపుతోంది. "అమ్మమ్మా, నాకు కొమ్ములొచ్చాయి!" పక్కన అమ్మమ్మ జిప్పు గొంతుదాకా లాగి, "ఇంక జలుబు చేయదులే," అంటోంది.

అది మాదని చెప్పడానికి నోరు తెరిచాను. ఆ పల్చటి గౌను చూసి ఆగిపోయాను.

బ్రిట్టా ఆ పిల్లనే చూసింది. "తనకి గుచ్చుకోవట్లేదు నాన్నా," అంది మెల్లగా. "ఉండనీ."

పాలెట్ మీద కోపం రెట్టింపైంది. తప్పు ఆవిడది. వదులుకునేది నా బిడ్డా?

"మరి నేనేమవ్వాలి?" అంది బ్రిట్టా. నిరుటి వెనకసీటు నా కళ్ళముందు కదిలింది.

కోటు విప్పాను. లోపల నేను ఏళ్ళుగా వేసుకుంటున్న స్వెట్‌షర్టు ఉంది. దాన్ని తీసి, తిరగేసి బ్రిట్టాకి తొడిగాను. కుట్లన్నీ బయటికి, మెత్తదనమంతా లోపలికి. అంచు నేలమీద ఈడ్చుకుపోతోంది.

"గుచ్చుకుంటోందా?"

బ్రిట్టా భుజాలు కదిపి చూసింది. "లేదు. నాన్న వాసనొస్తోంది."

ఎడ్నా స్వెట్‌షర్టు చేతులు మడిచి పిన్నులు పెట్టింది. గుల్ల ఉన్న బ్యాగుని వీపుకి తగిలించి, అందులోని పుస్తకాన్ని పట్టీలో పొట్ట దగ్గర దూర్చాం. కొమ్ములకి బ్రిట్టా రెండు వేళ్ళు తలమీద నిలబెట్టింది.

వెళ్ళబోతూ ఆగింది. "నాన్నా, పేరు రాయి. పెద్దగా."

ఎడ్నా దగ్గర డబ్బాల మీద రాసే లావుపాటి నల్ల పెన్ను ఉంది. గుల్ల చుట్టూ, వంపుల వెంట, బ్రిట్టా అని రాశాను.

మేం చేరేసరికి వరుస కదలబోతోంది. వ్యాయామశాల నిండా తల్లిదండ్రులు. గుమ్మంలో పాలెట్, చేతిలో మైకు. వచ్చిన ప్రతి పిల్లనీ పుస్తకం పేరుతో పిలుస్తోంది. బ్రిట్టా సరిగ్గా ఆవిడ ముందు ఆగి, వీపు మీది గుల్ల కనిపించేలా వెనక్కి తిరిగింది.

"చదవండి," అంది. "ఇప్పుడు నాదేనా?"

అది మైకులో హాలంతా వినిపించింది. పాలెట్ ముఖం కందిపోయింది. మైకు కిందికి దించి, నా దగ్గరికొచ్చి, "గోర్డన్, పొరపాటే..." అంటూ మొదలుపెట్టింది.

"నాకెందుకు చెబుతారు?" అన్నాను. "అక్కడుంది, దానికి చెప్పండి."

ఆవిడ మోకాళ్ళమీద కూర్చుంది. ఏం చెప్పిందో నాకు వినపడలేదు. బ్రిట్టా తలమీది వేళ్ళు దించకుండా అంతా విని, తలూపి, ముందుకు కదిలింది.

నత్త కదా, నెమ్మదిగా నడిచింది. వెనక వరుసంతా ఆగిపోయింది. ఒక్కరూ తొందరపెట్టలేదు. పెట్టి చూడమనండి!