లుయిజా కోసం లాగిన గంట

మధ్యాహ్నం పన్నెండింటి జపం గంటని నేజా పొద్దున ఆరింటికే లాగేసేది. ఆ కొండ మీద చర్చి గంట తాడు లాగగానే మోగే రకం కాదు. దాని చప్పుడు తీరిగ్గా వచ్చేది. నెమ్మదిగా లాగితే ఆరు గంటలకి, విసురుగా లాగితే రెండు రోజులకో మూడు రోజులకో. ఊళ్ళో ఎవరికీ ఇదొక వింత కాదు. గంట వినబడితే తప్ప ద్రాక్షతోటల్లో ఎవరూ రొట్టె మూట విప్పేవాళ్ళు కాదు.

"మీ మామ బతికుండగా లాగితే పన్నెండంటే పన్నెండే. నీ చెయ్యి పడ్డాక మాకు మధ్యాహ్నం తిండి చీకటి పడ్డాకే" అనేది పక్కింటి ట్రేజా.

"అయితే నువ్వొచ్చి లాగు పిన్నీ!" అనేసి నేజా పరుగెత్తేది. ఆమెకి ఎప్పుడూ పరుగే. పాలు పొంగేదాకా నిలబడలేదు, జపమాల మధ్యలో రెండు పూసలు దాటించేసేది. భర్త యాంకో సరిహద్దు అవతల పనిచేసి శనివారాలు వచ్చేవాడు. మిగతా ఆరు రోజులూ ఇంట్లో తనూ, అత్త లుయిజా.

లుయిజా వేళ్ళు వణికేవి. అయినా తన రవిక గుండీలు తనే పెట్టుకునేది. ఏడు గుండీలు. ఒక్కో గుండీ కన్నం దాకా వెళ్ళి, జారి, మళ్ళీ మొదటికి వచ్చేది. నేజా చెయ్యి చాపితే, "ఆగవే పిల్లా. దేవుడిచ్చిన వేళ్ళు ఇంకా ఉన్నాయి" అనేది.

పాస్కాకి, అంటే ఈస్టరుకి, ముందరి తపస్సు కాలంలో డాక్టరు లుయిజా గుండె విని, యాంకోని పక్కకి పిలిచి, పాస్కా పండుగ దాటడం కష్టమన్నాడు. ఆ మర్నాడే పట్నంలో కుట్టుపని చోట నేజాని రమ్మన్నారు. ఆమె ఏడాదిగా ఎదురుచూసిన పని అది. బస్సు తొమ్మిదింటికి. అత్తని ట్రేజా ఇంట్లో దిగబెట్టి వెళ్ళాలి. లుయిజా నాలుగో గుండీ దగ్గర ఉంది.

"అత్తయ్యా, నేను పెడతాను."

"అయిపోయింది, అయిపోయింది."

ఐదో గుండీ దగ్గర బస్సు చప్పుడు మలుపు తిరిగి కిందికి దిగిపోయింది.

నేజా తిన్నగా చర్చికి వెళ్ళి చావు గంట తాడు పట్టుకుంది. మగవాళ్ళకి మూడు విడతలు, ఆడవాళ్ళకి రెండు. పళ్ళు బిగబట్టి, బలమంతా పెట్టి రెండు విడతలు లాగింది. తాడు అరచేతుల తోలు లేపేసింది. పైన గంట ఊగింది, చప్పుడు రాలేదు. అప్పుడు తెలిసింది ఏం చేసిందో.

ఫాదర్‌గారి దగ్గర పాపసంకీర్తనం చేసి, చేసిందంతా ఒప్పుకుంది. "వెనక్కి తీసెయ్యడానికి లేదా ఫాదర్?"

"లాగింది లాగినట్టే అమ్మా. ఎంత విసురుగా లాగావు?"

ఆమె అరచేతులు చూపించింది. ఆయన వాటిని చూశాడు. "చాన్నాళ్ళు పడుతుంది. అందాకా ఆవిడ పక్కనే ఉండు. ఇంటికెళ్ళి ఆవిడకి కూడా చెప్పు."

చెప్పింది. లుయిజా ఊడిన గుండీని కుడుతూ వింది. "రెండు విడతలూ సరిగ్గా లాగావా? మూడు లాగితే మీ మామ మళ్ళీ చచ్చాడనుకుంటారు" అంది. తర్వాత, "నా పేరున లాగిన గంట మోగకుండా నేనెలా పోతానే? పద్ధతి కాదు" అంది.

పాస్కా వచ్చింది. లుయిజా కాల్చిన పంది మాంసం మీద ముల్లంగి తురుము వేసుకుని తింది. డాక్టరు మళ్ళీ గుండె విని, సంచీ సర్దుకుని వెళ్ళిపోయాడు. చెర్రీలు పండాయి. గోపురంలో ఏ చిన్న చప్పుడైనా నేజా చేతిలోది జారిపోయేది. మధ్యాహ్నపు గంటే అని తెలిశాక గోడకి ఆనుకుని ఊపిరి పీల్చుకునేది. పట్నం నుంచి ఇంకోసారి కబురొచ్చింది. వెళ్ళలేదు. రోజూ పొద్దున అత్త ఎదురుగా పీట వేసుకుని ఏడు గుండీలూ చూసేది. మొదట్లో కాళ్ళు ఊపేది, గోళ్ళు కొరికేది. ద్రాక్షకోతల నాటికి, ప్రభువా, ఇవాళ కూడా నెమ్మదిగా కానీ, అనుకునేది. ఏడో గుండీ అయిపోతుంటే దిగులేసేది.

"చేతులు ఖాళీగా పెట్టుకుని కూర్చోవడం ఎప్పుడు నేర్చుకున్నావే?" అంది లుయిజా ఒకరోజు.

"మీరే నేర్పారు, చంపుకు తిని."

ఊళ్ళోవాళ్ళు గమనించారో లేదో, మధ్యాహ్నపు గంట ఇప్పుడు పన్నెండింటికే వస్తోంది.

నవంబరులో పునీత మార్టిన్ పండుగనాడు, కొత్త ద్రాక్షసారా పీపాలు తెరిచే పొద్దున, లుయిజా ఆరో గుండీ పెట్టి ఆగింది. "వస్తోంది" అంది.

నేజాకి తర్వాత వినబడింది. కోపంతో లాగిన గంటే అది. కానీ అంత దూరం నడిచి వచ్చేసరికి అందులో కోపం మిగల్లేదు. ఒక విడత. లుయిజా చెయ్యి ఏడో గుండీ మీద ఉంది. తోటల్లో మనుషులు టోపీలు తీస్తున్నారు. రెండో విడత మొదలైంది. నేజా ఆ చెయ్యి పట్టుకుంది.

ఆ ఊళ్ళో ఎవరు పోయినా ఇంట్లోంచి ఒకరు లేచి తాడు దగ్గరికి పరుగెత్తాలి. మామ పోయినప్పుడు పరుగెత్తింది నేజానే. ఈసారి ఎవరూ లేవక్కర్లేకపోయింది. మోగడం ఆగేదాకా నేజా చల్లబడుతున్న ఆ చెయ్యి వదల్లేదు.

ఏడోది, పై గుండీ, మిగిలింది. నేజా వేళ్ళల్లో అది కన్నం దాకా వెళ్ళి, జారి, మళ్ళీ మొదటికి వచ్చింది. ట్రేజా గుమ్మంలోంచి, "నేను పెట్టనా?" అంది.

"ఆగు పిన్నీ" అంది నేజా.